కొసరు నెల

క్వాన్ వారింట్లో తెల్లారగానే మొదటి పని వంటింటి గోడ మీద క్యాలెండర్ కాగితం చింపడం. రోజుకో కాగితం. పైన లావుపాటి అంకెల్లో ఇంగ్లీషు తేదీ, దాని కింద చిన్న అక్షరాల్లో చైనా వాళ్ళ నెల, తిథి. యాభై ఏళ్ళుగా ఆ కాగితం చింపే హక్కు ఒక్క లాయ్ ఫాంగ్‌దే. కొడుకు రేమండ్ చిన్నప్పుడోసారి ముచ్చటపడి చింపితే వీపు విమానం మోత మోగింది. అలాంటిది నిరుడు మనవడు జేసన్ ఒక తెలుగమ్మాయిని పెళ్ళి చేసుకుని తీసుకొచ్చిన మూడోనాడే, ఆవిడ ఆ హక్కు కాస్తా కొత్తకోడలి చేతిలో పెట్టేసింది. ఇంట్లో అందరూ నోరు వెళ్ళబెట్టారు. ఎనభై ఏడేళ్ళ ఆ ముసలమ్మ అడక్కుండా ఎవరికైనా ఏదైనా ఇచ్చిందంటే అవి తిట్లే మరి.

కారణం పెద్దదేం కాదు. మైత్రి అమెరికాలో, ఈ ఫ్రీమాంట్‌లోనే పుట్టి పెరిగినా, నాన్న తల్లిని మామ్మ అని పిలిచే ఇంటి పిల్ల. కాంటనీస్‌లోనూ నాన్న తల్లిని ఇంచుమించు అలాగే పిలుస్తారని తెలిసి, గడప దాటుతూనే "మామ్మా" అని నోరారా పిలిచింది. సొంత మనవడు పదేళ్ళ వయసులోనే "గ్రాండ్‌మా"కి దిగిపోయాడు. ఆ పిలుపు మళ్ళీ చెవిన పడేసరికి లాయ్ ఫాంగ్ కరిగిపోయింది. అడిగితే ఒప్పుకోదు.

ఆగస్టు మొదటి సోమవారం పొద్దున్న మైత్రి కాగితం చింపి, అలాగే నిలబడిపోయింది. చైనా అంకెలు ఒకటి నుంచి పన్నెండు దాకా ఆమెకి లాయ్ ఫాంగే నేర్పించింది.

"మామ్మా, మీ క్యాలెండర్‌లో మిస్టేక్ ఉంది. సిక్స్త్ మంత్ పోయిన నెలే అయిపోయింది కదా? మళ్ళీ సిక్సే వేశారు."

లాయ్ ఫాంగ్ బియ్యం జావ తాగుతూ తల కూడా ఎత్తలేదు. "తప్పు కాదు. చంద్రుడి నెలలు పొట్టివి. సూర్యుడితో సమానం కావాలంటే మధ్యమధ్యలో ఒక నెల ఎక్కువ వెయ్యాలి. ఈసారి ఆరో నెల రెండుసార్లు వచ్చింది. పన్నెండు నెలలు కొన్నందుకు ఇది కొసరు."

"ఓ, మా అధికమాసం! మాకు నెక్స్ట్ ఇయర్ వస్తుంది. ఇప్పుడు శ్రావణం స్టార్ట్ అయింది."

"నాకు తెలియదా? నా కుట్టు దుకాణం నిండా మీవాళ్ళ జాకెట్లే."

అప్పుడే రేమండ్ కాఫీ కప్పుతో వచ్చాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. చిప్ కంపెనీలో మేనేజరు. భార్య విడిపోయి పదేళ్ళయింది. రావడం రావడమే ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతంతో అంటించి ఉన్న కాగితాల కట్ట మీద అతని చూపు పడింది. అది దుకాణం లీజు. మరో ఐదేళ్ళకి. కాంప్లెక్స్ ఓనరు మర్యాదస్తుడే గానీ పిచ్చివాడు కాడు. ఎనభై ఏడేళ్ళ మనిషికి ఐదేళ్ళ లీజు ఇవ్వాలంటే పక్కన కొడుకు సంతకం కూడా కావాలన్నాడు. ఈ శుక్రవారంలోగా ఇవ్వకపోతే ఆ చోటు వేరేవాళ్ళకి వెళ్ళిపోతుంది. లాయ్ ఫాంగ్ తన సంతకం పది రోజుల కిందటే పెట్టేసింది. రెండో గీత ఖాళీగా ఉంది.

"ఇది ఇంకా ఇక్కడే ఉందేమిటమ్మా?" అన్నాడు రేమండ్.

"కాళ్ళుంటే నీ దగ్గరికి నడిచొచ్చేది. లేవు. నువ్వే వెళ్ళి సంతకం పెట్టు."

తల్లీకొడుకులు మాట్లాడుకునేది కాంటనీసే. మైత్రి ఉంటే మధ్యలో ఇంగ్లీషు. ఏ భాషైతేనేం, పోట్లాటకి అనువాదం అక్కర్లేదు.

"అమ్మా, నీకు ఎయిటీ సెవెన్. ఈ వయసులో ఎవరైనా ఐదేళ్ళ లీజు తీసుకుంటారా?"

"మూడేళ్ళదైతే పెడతావా?"

"మూడేళ్ళు కాదు, మూడు నెలలు కూడా వద్దు. మార్చిలో ఏమైంది? దుకాణంలో జారిపడి ఇరవై నిమిషాలు నేలమీద ఉన్నావు. కస్టమర్ వచ్చి చూడబట్టి సరిపోయింది."

"వచ్చింది కదా? దుకాణం ఉంది కాబట్టే కస్టమర్ వచ్చింది. నీ మాట విని ఇంట్లో కూచుని పడితే ఎవరొచ్చేవాళ్ళు? నువ్వు ఆఫీసులో, వీళ్ళు ఆఫీసులో. ఫ్రిజ్ వచ్చి లేపేదా?"

మైత్రి నవ్వు ఆపుకోలేక సింకు వైపు తిరిగింది. రేమండ్ మొహం మాత్రం బిగుసుకుంది. "నేను సంతకం పెట్టను. ఫైనల్" అని కప్పు అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు. లాయ్ ఫాంగ్ ఆ కప్పు వైపు చూసింది. సగం కాఫీ అలాగే ఉంది. వాడు తండ్రి పోయినప్పటి నుంచీ అంతే, కోపం వస్తే తాగేదీ తినేదీ సగంలో వదిలేస్తాడు.

"పదవే మైత్రీ, టైమ్ అవుతోంది" అంది లేస్తూ. చేతికర్ర తలుపు పక్కన ఉంది. దాన్ని చూడనట్టే దాటేసింది.

*

క్వాన్ ఆల్టరేషన్స్ ఒక చిన్న షాపింగ్ కాంప్లెక్స్‌లో, ఇండియన్ గ్రోసరీకీ పళ్ళ డాక్టరుకీ మధ్య ఉంటుంది. ఒకటే గది, వెనక చిన్న అర. లాయ్ ఫాంగ్ బతుకంతా ఆ గదిలోకే నడిచొచ్చింది. పుట్టింది దక్షిణ చైనాలో ఒక పల్లె. పంతొమ్మిదో ఏట ఆకలికి తాళలేక హాంకాంగ్ చేరి గ్లౌజుల ఫ్యాక్టరీలో కుట్టు నేర్చుకుంది. ముప్ఫయ్యో ఏట చంటిపిల్లాణ్ణి చంకనేసుకుని, భర్త హోమింగ్‌తో శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగింది. అక్కడి చైనాటౌన్‌లో పదహారేళ్ళు ఎవరెవరి జీన్స్‌లకో జిప్పులు కుట్టింది. రేమండ్ ఆ మిషను కిందే, గుడ్డ పీలికల మీద పడుకుని పెరిగాడు. ఆ తరవాతే ఈ దుకాణం. ఆవిడ కుట్టేది, హోమింగ్ ఇస్త్రీ చేసేవాడు.

తెలుగువాళ్ళు వచ్చింది మరో పదిహేనేళ్ళకి. మొదట వచ్చినావిడ కౌంటర్ మీద ఒక జాకెట్ పెడితే, లాయ్ ఫాంగ్ దాన్ని ఇటూ అటూ తిప్పి చూసి, పాపం గుడ్డ చాల్లేదు కాబోలు అనుకుంది. చొక్కా సగమే ఉంది మరి. అయినా తెలియదని చెప్పలేదు. తెలియదని చెప్పడం ఆవిడకి ఏ భాషలోనూ రాదు. దాన్ని విప్పి, కాగితం మీద గీసుకుని, మళ్ళీ కుట్టి నేర్చుకుంది. ఇప్పుడు శ్రావణ మాసమంటే ఆవిడకి సీజన్. వరలక్ష్మీ వ్రతం ఏ శుక్రవారమో తెలుగు సంఘం వాళ్ళకన్నా ముందు ఆవిడ క్యాలెండర్‌లో ఎర్ర సున్నా పడిపోతుంది.

ఆ సోమవారం మైత్రి దింపి వెళ్ళకముందే ఉమామహేశ్వరి వచ్చేసింది. పదిహేనేళ్ళుగా కస్టమరు. చేతిలో పట్టు జాకెట్, మొహంలో కంగారు.

"ఆంటీ, టూ టైట్. ఫ్రైడే పూజ" అని, మైత్రిని చూసి తెలుగులోకి దిగిపోయింది. "చూడమ్మా, పోయినేడాదే కుట్టించాను. గుడ్డ బిగుసుకుపోయినట్టుంది."

"గుడ్డ కాదు" అంది లాయ్ ఫాంగ్. తెలుగు రాదు గానీ ఆ ఒక్క వాక్యం అర్థం కాని దర్జీ ప్రపంచంలో లేడు. "స్టాండ్. చెయ్యి పైకి." చెయ్యి, పైకి, లూజు, టైటు, చంక. ఆవిడకి వచ్చిన తెలుగు అంతే. దాంతోనే పాతికేళ్ళుగా వ్యాపారం నడుస్తోంది.

జాకెట్ తొడిగించి రెండు పక్కలా కుట్టు విప్పింది. లోపల రెండు వేళ్ళ గుడ్డ మడిచి ఉంది. కిందటేడు తనే వదిలింది, ఈ రోజు వస్తుందని తెలుసు. పిన్నులు పెట్టడం మొదలుపెట్టింది. ఆవిడ పిన్ను పెట్టే తీరే వేరు. నిలువుగా గుచ్చదు. అడ్డంగా గుచ్చి, మొనని తిప్పి మళ్ళీ గుడ్డలోకే దాచేస్తుంది. బయటికి తల మాత్రమే కనిపిస్తుంది.

"యాభై ఏళ్ళలో ఒక్కళ్ళకీ గుచ్చుకోలేదు" అంది మైత్రితో గొప్పగా. "చైనాటౌన్‌లో నా పక్క మిషను మనిషి నిలువుగా పెట్టేది. రోజూ ఎవరో ఒకరు అరిచేవాళ్ళు. మొన దాచనివాడు దర్జీ కాదు. రేమండ్‌కి ఏడేళ్ళప్పుడే నేర్పించాను."

"డాడ్‌కి కుట్టడం వచ్చా?"

"వచ్చేది. కాలేజీకి వెళ్ళి మరిచిపోయాడు."

మధ్యాహ్నం దుకాణం తలుపుకి 'లంచ్' అని బోర్డు తగిలించి, లాయ్ ఫాంగ్ వెనక అరలోకి వెళ్ళింది. కత్తిరింపు బల్ల కింద నుంచి ఎర్ర గుడ్డలో చుట్టిన మూట బయటికి తీసింది. ఆవిడ తన కోసం కుట్టుకుంటున్న బట్టలవి. మనిషి చివరి ప్రయాణానికి తొడిగే బట్టలు. ముదురు నీలం పట్టు, లోపల తెల్లటి నూలు, మొత్తం ఐదు అంగీలు. గుండీలుండవు, గుడ్డ తాళ్ళే. జేబులుండవు. పోయేవాళ్ళు ఇంటి సొమ్ము కూడా పట్టుకుపోకూడదు మరి.

ఆవిడ ఊళ్ళో పెద్దవాళ్ళందరూ ఇవి ముందే కుట్టించుకునేవాళ్ళు. అదీ ఇలాంటి కొసరు నెలలోనే. కొసరు నెల ఆయుష్షు లెక్కలోకి రాదట. ఆ నెలలో చావుబట్టలు కుట్టించుకుంటే, చావు వచ్చి చూసి, 'ఓహో, వీళ్ళు సిద్ధంగానే ఉన్నారు, తొందరేముంది' అని పక్కింటికి పోతుందట. లాయ్ ఫాంగ్ అమ్మమ్మ నలభై ఏళ్ళకే కుట్టించుకుని తొంభై ఆరేళ్ళు బతికింది. మధ్యలో రెండుసార్లు చిమ్మటలు కొడితే మళ్ళీ కుట్టించుకుంది.

ఐదో అంగీకి మెడ దగ్గర అంచు కుడుతూ లాయ్ ఫాంగ్ చివరికి వచ్చింది. ఇంక ముడి వేసి దారం తెంపడమే. ముడి వెయ్యలేదు. సూదిని అలాగే గుడ్డలో గుచ్చి ఆపేసింది.

హోమింగ్‌కి ఇవేవీ కుట్టలేదు. ప్రతి కొసరు నెలకీ అనుకోవడం, దుకాణంలో పని ఎక్కువని వాయిదా వెయ్యడం. ఇరవై రెండేళ్ళ కిందట, ఇదిగో ఈ ఇస్త్రీ బల్ల దగ్గరే, ఆయన గుండె ఆగిపోయింది. రేమండ్ పరుగెత్తుకెళ్ళి మాల్‌లో ఒక నల్ల సూటు కొనుక్కొచ్చాడు. ఆఖరి చూపుకి వెళ్ళినప్పుడు ఆ సూటు ముందువైపు బాగానే ఉంది. కాలర్ సరిచేద్దామని భుజం వెనక చెయ్యి పెడితే వేళ్ళకి పిన్నుల తలలు తగిలాయి. రెండు సైజుల పెద్ద సూటుని వెనక్కి లాగి పిన్నులతో బిగించారు. ఇరవై ఏళ్ళుగా ఊరందరి బట్టలు సరిచేస్తున్న మనిషి మొగుడు, ఎవడో పరాయివాడు పెట్టిన పిన్నులతో వెళ్ళిపోయాడు. ఆ మాట ఆవిడ ఎవరికీ చెప్పలేదు. తన సంగతి మాత్రం ఎవరి చేతుల్లోనూ పెట్టకూడదని ఆరోజే నిర్ణయించుకుంది.

*

మర్నాడు మధ్యాహ్నం లాయ్ ఫాంగ్ తలుపు ఊరికే దగ్గరగా వేసి, పక్క కొట్లో కరివేపాకు కొందామని వెళ్ళింది, మైత్రి అడిగింది కదా అని. అక్కడ కౌంటర్ దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు పట్టుకున్నారు, మా జాకెట్లు ఎప్పుడు ఆంటీ అని. అరగంట పట్టింది. తిరిగొచ్చి వెనక అరలోకి వెళ్తే బల్ల కింద మూట లేదు.

ముందు కౌంటర్ దగ్గరికి వెళ్ళి చూసింది. క్యాష్ బాక్స్ ఉంది. మూడు పట్టు చీరలు, ఒక పెళ్ళి లెహంగా హాయిగా వేలాడుతున్నాయి. వాటిని వదిలేసి చావుబట్టలు ఎత్తుకుపోయే దొంగ ఎవడు? ఆవిడ బల్ల కింద, మిషను వెనక, ఆఖరికి చెత్తబుట్టలో కూడా వెతికింది. సాయంత్రం మైత్రి రాగానే కరివేపాకు కవరు ఆమె చేతిలో పెట్టి కారెక్కింది.

ఇంటికొచ్చి తలుపు తీస్తే భోజనాల బల్ల మీద మూట విప్పి ఉంది. ఐదు అంగీలూ వరసగా పరిచి ఉన్నాయి. ఒక పక్క రేమండ్, మరో పక్క జేసన్. ఇద్దరి కళ్ళూ ఎర్రబడి ఉన్నాయి.

"ఏ డాక్టర్ దగ్గరికి వెళ్ళావమ్మా?" అన్నాడు రేమండ్.

"ఏ డాక్టర్?"

"నాటకాలొద్దు. మాకు చెప్పకుండా ఎక్కడికి వెళ్ళావు? ఏముందన్నారు? ఎన్నాళ్ళన్నారు?"

"గ్రాండ్‌మా, నేను ఆన్‌లైన్‌లో చూశాను" అన్నాడు జేసన్ మెల్లగా. "బటన్స్ లేవు, పాకెట్స్ లేవు, ఆడ్ నంబర్... ఇది లాస్ట్ డ్రెస్ కదా."

"అవును. అయితే?"

కుండలో ఉన్నది అన్నమేనా అంటే అవునన్నంత మామూలుగా అందా మాట. రేమండ్ కుర్చీలోంచి లేచాడు. "అయితే అంటావేమిటి? లీజు గురించి ఇంకోసారి బతిమాలదామని నీ దుకాణానికి వచ్చాను. నువ్వు లేవు. బల్ల కింద ఇది కనిపించింది. సూది కూడా ఇంకా దానిలోనే ఉంది! ఇవాళో రేపో పూర్తిచేసి... అమ్మా, నువ్వేం చేసుకోబోతున్నావు? నాకు భయం వేసింది. నేను ఒక చోట మాట్లాడాను. పెద్దవాళ్ళుండే చోటు. రూమ్ బుక్ చేశాను, శనివారం నుంచి. ఇరవై నాలుగు గంటలూ నర్సు ఉంటుంది. సూదులూ కత్తెరలూ ఏవీ ఉండనివ్వరు."

అంతవరకూ అయోమయంగా చూస్తున్న లాయ్ ఫాంగ్‌కి ఆఖరి మాటతో ఒళ్ళు మండిపోయింది.

"సూది ఉండనివ్వని చోట నన్ను పెడతావా? నిన్ను ఏ సూదితో పెంచానురా నేను? నేను చావబోతున్నానని ఎవడు చెప్పాడు నీకు?"

"ఈ బట్టలే చెప్తున్నాయి!"

"బట్టలు నోరు విప్పి చెప్పాయా? ఎనభై ఏడేళ్ళ దర్జీని పట్టుకుని, బట్ట చూసి నాకు అర్థం చెప్తావా? ఇవి చావడానికి కుట్టుకున్నవి కావురా. బతకడానికి!"

మైత్రి చేతిలోని కరివేపాకు కవరు పక్కన పెట్టి క్యాలెండర్ వైపు చూసింది. "మామ్మా, ఎక్స్‌ట్రా మంత్ కాబట్టా? నిన్న కొసరు అన్నారు కదా, అదేనా?"

"అదే" అంది లాయ్ ఫాంగ్. "చూశావురా? నీ ఇంటికొచ్చి ఏడాది కాని పిల్లకి తట్టింది." కుర్చీ లాక్కుని కూర్చుని అంతా చెప్పింది. ఆయుష్షు లెక్కలోకి రాని నెల గురించి, చావు పక్కింటికి పోవడం గురించి, తొంభై ఆరేళ్ళు బతికిన అమ్మమ్మ గురించి. చిమ్మటల సంగతి వచ్చేసరికి జేసన్‌కి నవ్వొచ్చింది. రేమండ్‌కి రాలేదు.

"ఇదంతా సూపర్‌స్టిషన్ అమ్మా."

"కావచ్చు. మరి సూపర్‌స్టిషన్ చూసి నువ్వెందుకు ఏడ్చావు?"

ఆవిడ ఊరుకుంటే బావుండేది. ఊరుకోవడం ఆవిడ వల్ల కాలేదు. ఇరవై రెండేళ్ళుగా లోపల నొక్కిపెట్టింది పైకి తన్నుకొచ్చేసింది.

"మీ నాన్నకి నేను కుట్టలేదు. పని, పని అని వాయిదా వేశాను. చివరికి మాల్‌లో కొన్న సూటులో వెళ్ళాడు. బయటికి బాగానే ఉంది. వెనకంతా పిన్నులే. నా చెయ్యి తగిలింది కాబట్టి తెలిసింది. నా మొగుడురా! నేను బతికుండగా, ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు పిన్నులు పెట్టి బిగించి పంపాడు. ఆ గతి నాకు పట్టకూడదు. అందుకే నావి నేను కుట్టుకున్నాను. అర్థమైందా?"

రేమండ్ నెమ్మదిగా కూర్చున్నాడు. బల్ల మీది నీలం పట్టు మడతని వేళ్ళతో సాపు చేశాడు.

"ఎవడో కాదమ్మా" అన్నాడు. "నేనే."

"ఏమిటి నువ్వే?"

"పిన్నులు పెట్టింది. కంగారులో సైజు చూసుకోలేదు. తొడిగాక చూస్తే భుజాల దగ్గర వేలాడుతోంది. అక్కడి మనిషి పరవాలేదు, ఎవరూ చూడరన్నాడు. నువ్వు చూస్తావని నాకు తెలుసు. మళ్ళీ కొనడానికి టైమ్ లేదు. అతన్ని బయటికి పంపించి, నాన్నని ఒక పక్కకి తిప్పి, నేనే పెట్టాను. పదకొండు పిన్నులు."

లాయ్ ఫాంగ్ అడగకూడదనుకుంది. అయినా దర్జీ కదా, అడిగేసింది.

"మొన ఎటు పెట్టావు?"

"అడ్డంగా. గుడ్డలోకి తిప్పి" అన్నాడు రేమండ్. కళ్ళ నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవడం లేదు. "నాన్నకి గుచ్చుకోకుండా."

"చచ్చిపోయినవాడికి గుచ్చుకుంటుందేంట్రా?"

ఆ మాట అంటూనే ఆవిడ బావురుమంది. మార్చిలో పడినప్పుడు ఏడవలేదు, మొగుడు పోయినరోజు కూడా నలుగురిలో ఏడవలేదు. ఇప్పుడు చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. ఇరవై రెండేళ్ళు పరాయివాణ్ణి తిట్టుకుంది. ఆ చేతులు ఆవిడ నేర్పిన చేతులే. కాలేజీకి వెళ్ళి మరిచిపోయాడనుకున్న పిల్లాడు, తండ్రి శవం పక్కన ఒంటరిగా నిలబడి, ఏడేళ్ళప్పుడు మిషను కింద నేర్చుకున్నది నేర్చుకున్నట్టు చేశాడు.

"ముందే ఎందుకు చెప్పలేదురా?"

"సూటు సరిపోలేదని నువ్వు చూశావేమోనని భయం. అప్పుడూ భయమే, ఇప్పుడూ భయమే. నాన్న అప్పుడు అలా... మార్చిలో నువ్వు పడ్డావని ఫోన్ వచ్చినప్పుడు, కారు తలుపు ఎలా తియ్యాలో కూడా మరిచిపోయాను. నీ దుకాణం నంబర్ ఫోన్‌లో కనిపిస్తే చాలు, నాకు చేతులు చల్లబడతాయమ్మా."

లాయ్ ఫాంగ్ కొంగు లేని మనిషి కనక చొక్కా చేత్తోనే మొహం తుడుచుకుంది. లేచి, ఐదో అంగీని దగ్గరికి లాక్కుని, మెడ దగ్గర వేలాడుతున్న సూదిని కొడుక్కి చూపించింది.

"ఇది పూర్తికాక ఆపలేదు. కావాలని ఆపాను. దీనికి ఒక్క ముడి వెయ్యాలి, అంతే. ఎవరిచేత వేయించాలా అనుకుంటున్నాను. ఇప్పుడు తెలిసింది. నువ్వు వెయ్యాలి."

రేమండ్ సూది అందుకోబోయాడు. చేతి మీద చురుక్కుమని టేపు దెబ్బ పడింది. ఆవిడ మెడలో కొలతల టేపు ఎప్పుడూ ఉంటుంది.

"ఇవాళ కాదు, దద్దమ్మా! అప్పుడు. నేను పోయాక. ఆ ముడి పడేదాకా బట్ట పూర్తికాదు, బట్ట పూర్తికాకుండా నేనెక్కడికీ వెళ్ళను. ఇవాళ నువ్వు పట్టుకోవాల్సింది సూది కాదు. పెన్ను."

జేసన్ పకాలున నవ్వాడు. మైత్రి అప్పటికే ఫ్రిజ్ మీది కాగితాలు తెచ్చి మామగారి ముందు పెట్టింది. రేమండ్ పెన్ను తీసి, గీత దగ్గర ఆగాడు.

"డ్రాయర్‌లో ఉన్న ఆ బటన్ మెడలో వేసుకుంటావా? పడితే నొక్కి మనుషుల్ని పిలిచేది. కొనిచ్చి నాలుగు నెలలైంది."

"కుక్క బిళ్ళలా ఉంటుంది."

"వేసుకుంటావా, వేసుకోవా?"

తల్లీకొడుకులు ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరిదీ ఒకటే మొండి గడ్డం.

"టేపు కింద వేసుకుంటాను. ఎవరికీ కనపడకూడదు" అంది లాయ్ ఫాంగ్.

"శనివారం రూమ్ క్యాన్సిల్ చేస్తాను" అని రేమండ్ సంతకం పెట్టాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, కుట్టు సరిగ్గా పడిందో లేదో చూసినట్టు ఆ సంతకాన్ని దగ్గరగా చూసి, "వంకరగా ఉంది. అయినా సరిపోతుంది" అంది.

*

బుధవారం పొద్దున్న మైత్రి క్యాలెండర్ కాగితం చింపుతుంటే రేమండ్ ఒక అట్టపెట్టె పట్టుకుని వచ్చాడు. ఎప్పుడు వెళ్ళి కొన్నాడో తెలియదు. కొసరు నెలలో పిల్లలు పెద్దవాళ్ళకి కొత్త చెప్పులు కొనివ్వాలని, అప్పుడే ఆ బట్టలతో పాటు అవీ దాచుకుంటారని జేసన్ ఆన్‌లైన్‌లో చదివి చెప్పాడట. లాయ్ ఫాంగ్ ఎన్ని కొసరు నెలలు ఎదురుచూసినా ఈ మాట తనంతట తను మాత్రం అడగలేదు. అడిగి తెచ్చుకునే వస్తువు కాదది.

రేమండ్ నేలమీద మోకాళ్ళ మీద కూర్చుని పెట్టె తెరిచాడు. పూలు కుట్టిన గుడ్డ చెప్పులు కావు. నల్లగా, మొద్దుగా, కింద దళసరి రబ్బరు ఉన్న బూట్లు. రోజంతా నిలబడే నర్సులు వేసుకునేవి.

"తడి నేల మీద కూడా జారవట" అన్నాడు తల్లి కాలు చేతిలోకి తీసుకుని. కుడికాలు తొడిగాడు, ఎడమకాలు తొడిగాడు, వేలు పెట్టి మడమ దగ్గర చూశాడు. ఈసారి సైజు సరిగ్గా ఉంది.

"అనాకారిగా ఉన్నాయి" అంది లాయ్ ఫాంగ్. వాటిని విప్పలేదు. లేచి నిలబడి వంటింట్లో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచింది. ఈ రోజు పద్నాలుగు జాకెట్లకి హుక్స్ కుట్టాలి. వరలక్ష్మీదేవి ఎవరికోసమూ ఆగదు.

"మామ్మా, ఇవి ఆ మూటలో దాచుకోవాలి కదా?" అంది మైత్రి కారు తాళాలు తీసుకుంటూ.

"దాచుకుంటాను, తొందరేముంది? మూడేళ్ళలో ఇంకో కొసరు నెల వస్తుంది" అంది లాయ్ ఫాంగ్ చేతికర్ర పక్కనుంచే దాటుకుంటూ. "ఈలోగా వీటిని అరగ్గొట్టాలి. అప్పుడు వీడిచేత కొత్తవి కొనిపిస్తాను."

రేమండ్ కాఫీ కప్పు అందుకున్నాడు. ఆవిడ గుమ్మం దగ్గర ఆగి, వాడు చివరిదాకా తాగేవరకూ చూసి, అప్పుడు కారెక్కింది.